11 నెలల పాప, నాలుగేళ్ళ బాబు, అత్తయ్యగారి మొక్కు, మా ఆయన అరకు: ప్లాన్ చూసి చెప్పండి

చింటూమున్నీఅమ్మ | సెప్టెంబర్ 27, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఇద్దర్నీ పడుకోబెట్టి ఇప్పుడు రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మేముండేది హైదరాబాద్‌లో. చింటూకి నాలుగేళ్ళు దాటాయి, మున్నీకి ఇప్పుడు ఎనిమిదిన్నర నెలలు. పాప పుట్టువెంట్రుకలు సింహాచలంలో అప్పన్నకి ఇస్తానని అత్తయ్య మొక్కుకున్నారు. బేసి నెలలోనే తీయించాలి కాబట్టి పదకొండో నెల అనుకున్నాం. అది నవంబర్ 10 నుంచి డిసెంబర్ 10 దాకా. ధనుర్మాసం పట్టేలోపే అయిపోవాలని కూడా అన్నారు.

"అంత దూరం వెళ్తున్నాం, అరకు చూడకుండా ఎలా వస్తాం?" అన్నారు మా ఆయన. అని ఊరుకోకుండా ఎక్సెల్ షీట్ వేశారు. మొదటి రోజు ఉదయం వైజాగ్‌లో దిగగానే సింహాచలం, మధ్యాహ్నం సబ్‌మెరీన్, సాయంత్రం కైలాసగిరి. రెండో రోజు అరకు, బొర్రా గుహలు. మూడో రోజు తెల్లారుజామున మూడింటికి లేచి లంబసింగి మంచు. నాలుగో రోజు తిరుగు దారిలో అన్నవరం వ్రతం. ఆ షీట్‌లో పాప పాలు తాగే గడి ఒక్కటి కూడా లేదు.

అత్తయ్య కూడా వస్తున్నారు. ఆవిడకి 58, మోకాళ్ళ నొప్పులు. ఇది జరిగే పనేనా? ఏది తీసేయమంటారు?

---

ఇల్లేపదిలం | సెప్టెంబర్ 27, రాత్రి 11:58

అన్నీ తీసేయండి. ఇద్దరు పిల్లల తండ్రిగా చెప్తున్నాను, రెండేళ్ళు నిండకుండా టూర్ అంటే ఇంట్లో పడే కష్టమే ఇంకో ఊళ్ళో అద్దె కట్టి పడటం. గుడికెళ్ళి మొక్కు తీర్చుకుని వచ్చేయండి. పాపకి అరకు గుర్తుంటుందా?

---

నాయనమ్మ65 | సెప్టెంబర్ 28, ఉదయం 5:20

గుర్తుండాల్సింది పాపకా నాయనా? మీ అమ్మ నిన్నెత్తుకుని ఎక్కడెక్కడ తిరిగిందో నీకు గుర్తుందా? ఆవిడకి గుర్తుంటుంది.

అమ్మాయ్, వెళ్ళిరా. కానీ మీ ఆయన వేసిన వరస తల్లకిందులుగా ఉంది. ముందు గుండు చేయించి ఆ బోడి తలతో పిల్లని అరకు చలిలోకి తీసుకెళ్తాడా? ముందు అరకు, తర్వాత సింహాచలం. గుండయ్యాక గంధం రాసుకుని నేరుగా ఇంటికి రావాలి.

---

చింటూమున్నీఅమ్మ | సెప్టెంబర్ 28, ఉదయం 7:05

అమ్మా, ఇది మా ఇంట్లో ఎవ్వరికీ తట్టలేదు! అత్తయ్యకి చదివి వినిపించాను. "ఆ మాట నేనూ అనబోయాను" అన్నారు :)

---

రైలుబండి | సెప్టెంబర్ 28, ఉదయం 9:30

రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. 120 రోజులుండేది, 2024 నవంబర్ నుంచి తగ్గించారు. మీరు నవంబర్ 30 ఆదివారం రాత్రి బయల్దేరేలా చూసుకోండి. అంటే అక్టోబర్ 1 ఉదయం ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉండాలి. కార్తీకమాసం వనభోజనాల జనం అప్పటికి తగ్గిపోతారు, క్రిస్మస్ సెలవుల జనం ఇంకా మొదలవరు. వారం మధ్యలో అరకు వెళ్తే ఇంకా నయం.

వందేభారత్ వద్దు. ఎనిమిదిన్నర గంటలకి చేరుస్తుంది, నిజమే, కానీ అన్నీ కుర్చీలే. పసిపిల్లని అంతసేపు ఒళ్ళో పెట్టుకుంటే దిగేసరికి మీ నడుం మీది కాదు. రాత్రి బండి ఎక్కండి. గోదావరి, గరీబ్‌రథ్, దురంతో, విశాఖ ఎక్స్‌ప్రెస్, ఇన్ని ఉన్నాయి. పిల్లలు నిద్రపోయే సమయమంతా ప్రయాణంలో గడిచిపోతుంది.

అయిదేళ్ళ లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, అయితే బెర్తు కూడా ఇవ్వరు. చింటూకి బెర్తు కావాలంటే పూర్తి చార్జీ కట్టి తీసుకోవచ్చు. తీసుకోండి. నాలుగేళ్ళవాడు రాత్రంతా తంతూనే ఉంటాడు.

కింది బెర్తు గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. 45 దాటిన ఆడవాళ్ళకి లోయర్ బెర్త్ కోటా ఉంది. కానీ ఆ కోటాలో ఒక్కరికో ఇద్దరికో టికెట్ తీసుకోవాలి. మీ అందరితో కలిపి ఒకే టికెట్‌లో అత్తయ్యగారి పేరు పెడితే అది వర్తించదు. ఆవిడకి విడిగా ఆ కోటాలో తీయండి. అదే పెట్టెలో వస్తుందన్న భరోసా లేదు, వస్తే మాత్రం అదృష్టం. మీకు సైడ్ లోయర్ పడితే ఎవరినైనా బతిమాలి మార్చుకోండి. నడిచేవాళ్ళ సంచులన్నీ పాప తలకి తగులుతూ ఉంటాయి.

---

ఉప్పుగాలి_విశాఖ | సెప్టెంబర్ 28, ఉదయం 11:15

ఏటండీ బాబూ ఆ షీటు! పిల్లలతో మా ఊరొస్తున్నారా, మిలిట్రీ పెరేడ్‌కి వస్తున్నారా?

లంబసింగి కొట్టేయండి. చంటిపిల్లని తెల్లారుజామున దుప్పట్లో చుట్టి మంచు చూపించడానికి తీసుకెళ్తే ఆ పిల్ల చూసేది దుప్పటే. అన్నవరం కూడా కొట్టేయండి, వ్రతం తీరిగ్గా చేసుకోవాల్సినది, రైలు దిగి ఎక్కే మధ్యలో కాదు.

కురుసుర సబ్‌మెరీన్‌లో నడిచే దారి చాలా ఇరుకు. గుమ్మాలు గుండ్రంగా ఉంటాయి, వంగి దాటాలి. పాపని కట్టుకుని వంగితే మొదట తగిలేది ఆ పిల్ల తలే. మీ ఆయన చింటూని తీసుకుని లోపలికెళ్ళనివ్వండి, మీరూ అత్తయ్యగారూ ఎదురుగా బీచ్‌లో కూచోండి. అక్కడ మొక్కజొన్న కండెలు బాగుంటాయి.

బొర్రా గుహలు: మెట్లు చాలా ఉన్నాయి, తడిగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడని దింపొద్దు. స్ట్రోలర్ అక్కడ బరువు తప్ప ఎందుకూ పనికిరాదు. బయట కోతులున్నాయి, పాల సీసా చేతిలో కనబడిందంటే లాక్కుపోతాయి. నేను మా వాడి బిస్కెట్ ప్యాకెట్ అలాగే సమర్పించుకున్నాను.

అరకులో పద్మాపురం తోటలో చిన్న రైలు ఉంటుంది, మీ చింటూకి అదే చాలు. కాఫీ మ్యూజియంలో చాక్లెట్లు కొనకుండా బయటికి రాలేరు. గిరిజన మ్యూజియం అత్తయ్యగారికి నచ్చుతుంది, నెమ్మదిగా తిరగొచ్చు. చాపరాయి దగ్గర మాత్రం నీళ్ళలోకి దిగొద్దు, రాళ్ళు నాచుపట్టి జారిపోతాయి.

---

చింటూమున్నీఅమ్మ | సెప్టెంబర్ 28, మధ్యాహ్నం 2:50

చాలా థ్యాంక్సండీ. లంబసింగి పోయిందని చెప్తే మా ఆయన మొహం మాడిపోయింది. పాపం, చలి కోటు కూడా చూసిపెట్టుకున్నారు. అరకుకి రైలా, కారా? అద్దాల పెట్టె అంటున్నారు అందరూ.

---

రైలుబండి | సెప్టెంబర్ 28, మధ్యాహ్నం 3:30

వెళ్ళేటప్పుడు రైలు, తిరిగొచ్చేటప్పుడు కారు.

కిరండూల్ పాసింజర్ వైజాగ్‌లో పొద్దున్నే ఏడుకి కాస్త ముందు బయల్దేరుతుంది. అరకుకి నాలుగు గంటలు. విస్టాడోమ్ పెట్టె దానికే తగిలిస్తారు, 2017లో మొదలైంది. పైకప్పు కూడా అద్దమే, సీట్లు గుండ్రంగా తిరుగుతాయి. ఎండెక్కాక ఆ అద్దంలోంచి నెత్తి మీద నేరుగా పడుతుంది, పాపకి పల్చటి కాటన్ టోపీ, ఒక చున్నీ దగ్గరుంచుకోండి. 50కి పైగా సొరంగాలున్నాయి. ఒక్కసారిగా చీకటైపోతుంది, లోపలున్న జనం అంతా "ఓ" అని అరుస్తారు. చింటూకి పండగ, మున్నీకి భయం. మొదటి సొరంగం వచ్చేముందు పాలకి తీసుకోండి.

బొర్రా, అరకు చూసి అదే రోజు రాత్రికి వైజాగ్ తిరిగొచ్చే ప్యాకేజీలు పిల్లలతో పెట్టుకోవద్దు. ఆ లైను వేసిందే బైలదిలా ఇనుప ఖనిజం కోసం. గూడ్సు బండ్లకి దారివ్వడానికి పాసింజర్‌ని ఎక్కడ ఆపుతారో చెప్పలేం. తిరుగు రైలు ఎంత ఆలస్యమవుతుందో దేవుడికే తెలియాలి. అరకులో ఒక రాత్రి ఉండండి.

ఇంకొకటి, డైపర్ రైలు టాయిలెట్‌లో వేయకండి. ఇప్పుడన్నీ బయో టాయిలెట్లే, అడ్డుపడిపోతాయి. పాత పేపర్లు, కవర్లు పెట్టుకుని చుట్టి చెత్తబుట్టలో వేయండి.

---

గుంటూరు_పీడియా | సెప్టెంబర్ 28, రాత్రి 9:10

పిల్లల డాక్టర్‌ని. ఇక్కడ మందులు రాసివ్వను, అడగొద్దు. నా ఓపీలో ప్రయాణం పేరు చెప్పి వచ్చేవాళ్ళకి చెప్పేవే ఇక్కడా చెప్తాను.

9 నెలలు నిండగానే ఎమ్మార్ టీకా (తట్టు, రుబెల్లా రాకుండా వేసేది) వేయించండి. మీకు అక్టోబర్ 10 తర్వాత అవుతుంది, వాయిదా వేయొద్దు. టీకా తర్వాత జ్వరం, దద్దుర్లు వస్తే వారం పది రోజుల్లో వచ్చి పోతాయి. ప్రయాణానికి మీకు ఏడు వారాల సమయం ఉంది.

పారాసిటమాల్ దగ్గర చాలామంది తల్లులు పొరబడతారు. చుక్కల మందు 1 మి.లీ.లో 100 మి.గ్రా. ఉంటుంది. సిరప్ 5 మి.లీ.లో 120 లేదా 250 ఉంటుంది. పాప చుక్కల మందు, బాబు సిరప్ ఒకే సంచిలో పెట్టుకుని అర్ధరాత్రి చీకట్లో ఒకదాని కొలత ఇంకోదానికి పోయొద్దు. బయల్దేరేముందు ఇద్దరినీ తూయించి, ఎవరికి ఏ సీసాలోంచి ఎన్ని మి.లీ. అన్నది మీ డాక్టర్‌తో రాయించుకుని సీసాకే అంటించుకోండి.

ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాలి. గ్లాసులో సగం ప్యాకెట్ పోసి తాగించడం తప్పు. విరేచనాలైతే చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి, తల్లిపాలు ఆపొద్దు. పిల్ల ఒంటేలు పోయడం తగ్గినా, మగతగా ఉన్నా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఏజెన్సీ ప్రాంతం కాబట్టి మలేరియా సంగతి మరవొద్దు. సాయంత్రం అయ్యేసరికి నిండు చేతుల బట్టలు వేయండి, పాపని దోమతెరలోనే పడుకోబెట్టండి. గొడుగులా ముడుచుకునే చిన్న తెర సంచిలో పడుతుంది.

అరకు వెళ్ళినవాళ్ళందరూ తేనె కొంటారు. మీరూ కొనండి. కానీ ఏడాది నిండని పాప నాలుకకి చుక్క కూడా రాయొద్దు. ఎంత స్వచ్ఛమైన తేనె అయినా అందులో ఉండే ఒక రకం బాక్టీరియా వల్ల పసిపిల్లల కండరాలు చచ్చుబడే జబ్బు రావచ్చు.

---

నాయనమ్మ65 | సెప్టెంబర్ 29, ఉదయం 5:05

డాక్టరు బాబూ, మా పిల్లలకి తేనె రంగరించి పోశాం. ఏమీ కాలేదు.

---

గుంటూరు_పీడియా | సెప్టెంబర్ 29, మధ్యాహ్నం 1:40

అరుదుగా వచ్చే జబ్బమ్మా అది. అందుకే మీ వాళ్ళకి రాలేదు. వచ్చిన బిడ్డకి మాత్రం ఊపిరి తీసే కండరాలు కూడా ఆగిపోవచ్చు. నాలుగు నెలలు ఆగితే పోయేదేమీ లేదు కదా?

---

నాయనమ్మ65 | సెప్టెంబర్ 29, మధ్యాహ్నం 2:15

సరేలే, ఆగమను.

---

టెక్సాస్_తెలుగమ్మాయి | సెప్టెంబర్ 29, రాత్రి 8:20

అక్కా, మధ్యలో దూరుతున్నందుకు సారీ. మేమూ డిసెంబర్‌లో డాలస్ నుంచి విజయవాడ వస్తున్నాం, మా బుడ్డోడికి అప్పటికి పది నెలలు. వాడికి పాస్‌పోర్ట్, ఓసీఐ (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్ళకిచ్చే కార్డు) రెండూ అయ్యేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఇక్కడ ఎమ్మెమ్మార్ (తట్టు, రుబెల్లాతో పాటు గవదబిళ్ళలకి కూడా కలిపి వేసే టీకా) మామూలుగా ఏడాది నిండాకే వేస్తారు. విదేశాలకి వెళ్ళే పసిపిల్లలకి మాత్రం 6 నుంచి 11 నెలల మధ్యే ఒక డోసు ముందుగా వేస్తారు. అది లెక్కలోకి రాదట, ఏడాది తర్వాత మళ్ళీ రెండు వేయాలి. మా అమ్మకి చెప్తే "ఎందుకన్ని సూదులు" అని ఏడ్చేసింది.

ఉయ్యాల సీటు కావాలని టికెట్ కొన్నరోజే ఫోన్ చేసి అడిగాం. బరువు పరిమితి ఉంటుంది, మీ పిల్లాడు బొద్దుగా ఉంటే కనుక్కోండి. చెవులు నొప్పెట్టేది విమానం దిగేటప్పుడు. అప్పుడు పాలు తాగుతూ ఉండాలి. పైకెళ్ళేటప్పుడే సీసా మొత్తం పట్టేసి దిగేటప్పుడు ఖాళీ సీసా చూపించిన తెలివి మాది, పోయినసారి పెద్దదానితో.

---

ఇల్లేపదిలం | సెప్టెంబర్ 29, రాత్రి 9:00

ఇరవై నాలుగు గంటలు పసివాడితో విమానంలో. నేను చెప్పేది ఇదే.

---

టెక్సాస్_తెలుగమ్మాయి | సెప్టెంబర్ 29, రాత్రి 9:12

వాళ్ళ తాతయ్య వాడిని ఇంకా ఎత్తుకోలేదండీ.

---

చింటూమున్నీఅమ్మ | అక్టోబర్ 1, ఉదయం 8:25

దొరికాయి! అత్తయ్యకి కింది బెర్తు వచ్చింది, పక్క పెట్టెలో. ఇంకెవరితోనైనా మార్చుకుంటాం.

ఇప్పుడు తిండి సంగతి చెప్పండి. పాప ఇంట్లో ఉగ్గు, రాగిజావ, మెత్తటి పప్పన్నం తింటుంది. కొన్న డబ్బా తిండి అలవాటు లేదు. ఘాట్ రోడ్డులో చింటూ వాంతుల సంగతి కూడా.

---

రాగిజావ | అక్టోబర్ 1, ఉదయం 10:40

నా పేరు చూశారుగా, నేనే చెప్పాలి :)

బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, చిటికెడు వాము వేసి మెత్తగా పొడి కొట్టుకోండి. వేడినీళ్ళలో కలిపేస్తే సరిపోదు, రెండు నిమిషాలైనా ఉడకాలి. హోటల్ వంటింట్లో పాపకని చెప్తే ఎవరూ కాదనరు, పొడి ఇచ్చి ఉడికించి పెట్టమనండి. నేను ఎక్కడికెళ్ళినా అదే చేస్తాను. చిన్న హోటళ్ళలో అయితే ఆ వంటావిడే పిల్లని ఎత్తుకుని తినిపించేస్తుంది కూడా. గదిలో ఇండక్షన్ స్టవ్ పెట్టి ఫ్యూజు ఎగరగొట్టిన అనుభవం ఉంది కాబట్టి అది మాత్రం చెప్పను. రైల్లో కూడా కెటిల్ పెట్టకూడదు, ఫ్లాస్కులో వేడినీళ్ళు ఇంటి నుంచే.

అరటిపండు ఎక్కడైనా దొరుకుతుంది, మెదిపి పెట్టొచ్చు. మరమరాలు పెద్దాడికే, పాపకి గొంతులో అడ్డుపడతాయి.

ఘాట్ రోడ్డు ఎక్కే గంటన్నర ముందు ఇడ్లీ లాంటిది కొంచెం పెట్టండి. ఖాళీ కడుపుతోనూ వాంతులవుతాయి, నిండు కడుపుతోనూ అవుతాయి. ఫోన్ ఇవ్వొద్దు, దూరంగా కొండలు చూపించండి. ఎన్ని చేసినా అయ్యేది అవుతుంది. రెండు జతల బట్టలు డిక్కీలో కాదు, కాళ్ళ దగ్గర పెట్టుకోండి.

---

ఉప్పుగాలి_విశాఖ | అక్టోబర్ 1, ఉదయం 11:30

కారు మాట్లాడుకునేటప్పుడు డ్రైవరుకి ముందే చెప్పండి, బేగి వెళ్ళాల్సిన పని లేదని. మలుపుల దగ్గర వాళ్ళు కొట్టే బ్రేకులకి పెద్దవాళ్ళకే తిరుగుతుంది. పాపని ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో మాత్రం కూచోవద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే పసిపిల్ల తట్టుకోలేదు. మీ కారు సీటు ఉంటే మోసుకురండి, అద్దె కార్లలో ఉండదు.

సింహాచలం శనివారం వద్దు, జనం. కేశఖండన శాలకి కొత్త బ్లేడు మీరే తీసుకెళ్ళి ఇవ్వండి, గోరువెచ్చటి నీళ్ళు ఫ్లాస్కులో ఉంటే మంచిది. పాపకి ఆకలి, నిద్ర రెండూ లేని సమయం చూసుకోండి.

---

చింటూమున్నీఅమ్మ | డిసెంబర్ 7, సాయంత్రం 6:30

వచ్చేశాం. అందరూ క్షేమం. చెప్పినట్టే రిపోర్ట్ రాస్తున్నాను.

రైల్లో మా పెట్టెలోని కింది బెర్తు కుర్రాడు అడగకుండానే అత్తయ్యతో మార్చుకున్నాడు. మున్నీ రాజమండ్రి బ్రిడ్జి శబ్దానికి లేచి, తుని దాటేదాకా పడుకోలేదు. దిగిన రోజు మేము చేసింది ఒక్కటే, నిద్రపోవడం. సాయంత్రం బీచ్. మా ఆయన షీట్ ప్రకారం ఆ సమయానికి మూడు చోట్లు చూసి ఉండాలి.

అరకు రైల్లో మొదటి సొరంగానికి మున్నీ గుక్కపట్టి ఏడ్చింది. పక్క సీటులో ఒక పెద్దాయన ప్రతి సొరంగం ముందు "వస్తోంది, వస్తోంది" అని చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. పదోదానికి ఇదీ కొట్టింది. ఎండ మాత్రం రైలుబండి గారు చెప్పినట్టే నెత్తి మాడ్చింది.

బొర్రా వెళ్ళలేదు. పద్మాపురం చిన్న రైలు మూడుసార్లు ఎక్కాం. అరకు రాత్రి చలికి గది హీటర్ పనిచేయలేదు, ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. నలుగురం ఒక మంచం మీదే పడుకున్నాం, పాప మా మధ్య కాకుండా అత్తయ్య పక్కన దోమతెరలో. తేనె రెండు సీసాలు కొన్నాం. అత్తయ్య మూత తీస్తుంటే చింటూనే అరిచాడు, "చెల్లికి వద్దన్నారు డాక్టరు" అని.

దిగేటప్పుడు ఘాట్‌లో వాంతులు చింటూకి కాదు, మా ఆయనకి. బట్టలు కాళ్ళ దగ్గర పెట్టుకున్నవి చింటూవి.

సింహాచలం గురువారం వెళ్ళాం. మున్నీ నిద్రలో ఉండగానే సగం గుండు అయిపోయింది, మిగతా సగానికి కొండంతా వినబడేలా ఏడ్చింది. అత్తయ్య కూడా ఏడ్చారు, సంతోషంతో. ఇంతలో చింటూ "నాకూ చెయ్యండి" అని నేల మీద పడి దొర్లాడు. ఎంత చెప్పినా వినలేదు, వాడికీ చేయించాం. రేపు బళ్ళో గ్రూప్ ఫోటో ఉందని ఇంటికొచ్చాక డైరీ చూస్తే తెలిసింది.

---

నాయనమ్మ65 | డిసెంబర్ 7, రాత్రి 7:00

గంధం రాసి పంపించు. బాగుంటాడు.

---

ఇల్లేపదిలం | డిసెంబర్ 7, రాత్రి 10:15

ఇంట్లో వాళ్ళకి ఇదంతా చదివి వినిపించి తప్పు చేశాను. సంక్రాంతికి మా మామగారి ఊరు రాజోలు వెళ్దామంటున్నారు. చిన్నదానికి ఏడాదిన్నర, పెద్దాడికి ఆరు. @రైలుబండి, ఏమైనా ఉన్నాయా?

---

రైలుబండి | డిసెంబర్ 7, రాత్రి 10:20

సంక్రాంతికా? ఇప్పుడా? వెయిటింగ్ లిస్టులో కూడా చోటుండదు. స్పెషల్ రైళ్ళు ప్రకటిస్తే చెప్తాను, ఫోన్ దగ్గరే పెట్టుకోండి. పెద్దాడికి ఆరేళ్ళంటే టికెట్ పడుతుంది, మరవకండి.